బిజినేపల్లిలో టాపు లేని హెరాల్డ్

రంగు సంగతి తర్వాత. ముందు వంగండి. ఇంకా కిందికి. ప్యాంటుకు ఎర్రమట్టి అంటుతుందని చూసుకుంటే ఈ పని కాదు. మీ మెకానిక్ ఉస్తాద్ అప్పటికే వెల్లకిలా పడుకుని నడుం దాకా కారు కిందికి దూరిపోయాడు. ఎడమ చేతిలో టార్చి, కుడి చేతిలో స్క్రూడ్రైవర్. దాని పిడితో ఛాసిస్‌ను కొడుతున్నాడు. ఠంగ్. జానెడు జరిగి మళ్ళీ ఠంగ్. మీరు ఆ చప్పుడు మీదే చెవి పెట్టాలి. ఇనుము గట్టిగా ఉంటే మోగుతుంది. లోపల జంగు తినేసి ఉంటే, పైన రంగు ఎంత నిగనిగలాడినా, డబ్‌మంటుంది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

"లోహా మంచిగున్నది సారు," అంటాడు ఉస్తాద్ కింద నుంచే.

మీరు ఉన్నది బిజినేపల్లిలో, వనపర్తి రోడ్డుకు కాస్త లోపలగా ఒక ఇంటి వెనక రేకుల కొట్టంలో. ఉస్తాద్‌ను మహబూబ్‌నగర్‌లో ఎక్కించుకుని భూత్పూర్ మీదుగా వచ్చారు. దారిలో పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో కట్టె మిగిలింది, పల్లి చేలు మాత్రం పచ్చగా ఉన్నాయి. సంక్రాంతి ఈమధ్యే వెళ్ళింది. పొద్దున చలి, పదింటికే మాడు మీద ఎండ. కొట్టంలో ఒక పక్క పల్లికాయ బస్తాలు, డ్రిప్పు పైపుల చుట్టలు, ఇంకో పక్క పరదా తీసిన కారు. లేత నీలం రంగు, రెండే తలుపులు, తలుపుల మీదుగా వెనక్కి సాగి చిన్న రెక్కల్లా తేలిన అంచులు. పైన ఏమీ లేదు, ఆకాశమే. ఫోనులో మీకు చేరిన ఫొటో కింద రాసింది ఇంతే: స్పోర్ట్స్ కారు, 1966 మోడల్, ఓపెన్ టాప్, ఫుల్ కండిషన్.

స్పోర్ట్స్ కారు అన్న మాటకు మీరు నవ్వుకునే ఉంటారు. ఇది స్టాండర్డ్ హెరాల్డ్. 948 సీసీ ఇంజను, బలం నలభై గుర్రాలకు కూడా రాదు. ఇవాళ్టి చిన్న మారుతి దీన్ని అవలీలగా దాటిపోతుంది. అయినా రాసినవాళ్ళు పూర్తిగా అబద్ధమాడారనడానికి లేదు. 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అసలు సిసలు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అది నిలబడింది ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి వేసిన చట్రం మీద. రెండింటినీ గీసిన చెయ్యి కూడా ఒకటే, ఇటలీలో ట్యూరిన్‌కు చెందిన జొవాన్ని మికెలోట్టిది. చుట్టరికం ఉంది, బలం లేదు.

ఉస్తాద్ బయటికి జరిగి, వీపు దులుపుకోకుండానే వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుంటాడు. మీరూ పక్కనే కూర్చోండి. వెనక చక్రాలను చూస్తున్నాడు. హెరాల్డ్‌లో వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే కమాను, అడ్డంగా పడుకుని ఉంటుంది. చక్రాలు రెండూ దేనికది విడిగా ఊగుతాయి. ఆ కాలపు మన కార్లలో ఇది వింత. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ వెనక తిన్నగా ఒకే ఇరుసు, పొడవునా కమాన్ పట్టీలు, ఎడ్లబండి చేసే మేస్త్రీకి కూడా అర్థమయ్యే పద్ధతి. హెరాల్డ్ కమాను అలసిపోతే చక్రాలు పైభాగం లోపలికి, కిందిభాగం బయటికి వాలిపోతాయి. మన రోడ్లమీద, ఆరుగురినీ ఏడుగురినీ ఎక్కించుకునే మన అలవాటుకు, అది తొందరగానే అలసిపోయేది. చివరికి కంపెనీయే 1970లలో దీనికి కొత్త రూపమిచ్చి గజెల్ అని పేరు పెట్టినప్పుడు ఆ ఊగే ఏర్పాటును వదిలేసి మామూలు ఇరుసుకు వచ్చేసింది.

ఈ బండికి చక్రాలు కొంచెం వాలి ఉన్నాయి. మరీ ఎక్కువ కాదు. ఉస్తాద్ రెండు వేళ్ళు చూపిస్తాడు. అది ఎంత ఖర్చో, ఎంత వాలుడో మీకు తెలియదు. అడగకండి, అమ్మేవాళ్ళ ముందు ఆయన చెప్పడు.

పెద్దాయన వస్తాడు. తెల్ల ధోవతి, పైన స్వెట్టరు, భుజం మీద తువ్వాలు. వెనక కోడలు ట్రేలో చాయ్ పట్టుకుని.

"కూసోండ్రి సారు, కిందికెల్లి ఏం జూస్తరు? పైకెల్లి జూడుండ్రి. గట్ల మెరిసే బండి ఈ చుట్టుపక్కల ఏడ దొర్కది."

"మెరుస్తున్నది పెద్దనాయినా, చూస్తూనే ఉన్నం," అంటాడు ఉస్తాద్ చాయ్ అందుకుంటూ.

పెద్దాయన నులక మంచం మీద కూర్చుని కారు కథ మొదలుపెడతాడు. వాళ్ళ నాయిన కాంట్రాక్టరు. నాగార్జున సాగర్ కడుతున్న రోజుల్లో గుంపు మేస్త్రీగా మొదలై, పాలమూరు నుంచి కూలీలను తీసుకుపోయి మట్టిపని చేయించి, తర్వాత సొంతంగా పనులు పట్టాడు. 1970లలో హైదరాబాదులో ఒక ఇంజనీరు బదిలీ మీద వెళ్ళిపోతూ ఈ బండిని వదిలించుకుంటే ఈయన కొన్నాడు. "అప్పట్ల మా నాయినకు కారు నడప రాదు. డ్రైవర్ని వెట్టిండు. డ్రైవరు దొర లెక్క ముంగట, మా నాయిన ఎన్క." పెద్దాయన నవ్వుతాడు. మీకూ నవ్వు వస్తుంది. కానీ ఈ జిల్లా నుంచి లారీల్లో నిలబడి ఆనకట్టల పనులకు పోయిన వాళ్ళలో ఒకరిద్దరు మాత్రమే కారు వెనక సీటు దాకా వచ్చారన్నది కూడా ఆ నవ్వులోనే ఉంది. మిగతావాళ్ళు కట్టిన డ్యాములు పక్క జిల్లాలను తడిపాయి. కృష్ణ నీళ్ళు ఎత్తిపోతల మీద ఈ చెల్కలకు ఎక్కడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఎండ కొట్టంలోకి జరుగుతోంది. ఉస్తాద్ గ్లాసు కింద పెట్టి బానెట్ దగ్గరికి వెళ్ళాడు. ఇది చూడాల్సిన సంగతి. బానెట్ అని మనం అనుకునే మూత హెరాల్డ్‌కు లేదు. అటొకటి ఇటొకటి రెండు పక్కల ఉన్న కొక్కేలు తీసి లాగితే కారు ముందు భాగమంతా, మడ్‌గార్డులూ లైట్లతో సహా, ముందుకు ఒరిగిపోతుంది. ఇంజను నాలుగు వైపులా బయటపడుతుంది. మీరు ముందు టైరు మీద కూర్చుని ప్లగ్గులు మార్చుకోవచ్చు. ఉస్తాద్ కూర్చున్నాడు కూడా. ఇప్పటి కారులో హెడ్‌లైటు బల్బు మార్చడానికే బంపరు ఊడదీయమనే వాళ్ళకు ఈ ఒక్కటీ చూపించాలి.

లోపల రంగు బయటి రంగు కాదు. ఇంకాస్త ముదురు నీలం, మెరుపు లేదు, అక్కడక్కడా నూనె మరకలు. అదే మొదటి రంగు. బయట తర్వాతెప్పుడో కొట్టించారన్నమాట. దాచగలిగినచోట దాచలేదు, అది మంచి గుర్తు. రేడియేటర్ పైపులు కొత్తవి, ఫ్యాను బెల్టు కొత్తది, వైర్లు సగం పాతవి సగం కొత్తవి. ఉస్తాద్ పెట్రోలు పైపును గోటితో నొక్కి చూస్తాడు. పగుళ్ళు. పాలమూరు గాలిలో ఉప్పు లేదు, వానా తక్కువే, అందుకే ఛాసిస్ అలా మోగింది. కానీ అదే పొడి ఎండ రబ్బరును ఎండగట్టేస్తుంది. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు చేత్తో ముట్టుకుంటే పొడి రాలుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. ఆ కాలపు పంపు డయాఫ్రంకూ పైపులకూ అది విషం. "ఇవన్నీ మార్సాలె సారు," అంటాడు. ఈసారి ఒక్క వేలు చూపిస్తాడు.

పెద్దాయన కొడుకు తాళం తెచ్చాడు. చోక్ లాగి తిప్పితే ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారికి పట్టుకుంటుంది. సన్నటి చప్పుడు, కుట్టుమిషను చప్పుడుకు కాస్త పెద్దది. పొగ తెల్లగా వచ్చి ఆగిపోతుంది. నీలం పొగ లేదు. ఉస్తాద్ సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి, వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా వెనక సీట్లోకి ఎక్కాడు. స్టీరింగ్ దగ్గర మీరే కూర్చోండి.

మోకాళ్ళు కాస్త ముడుచుకోవాలి. కుడిచెయ్యి స్టీరింగ్ మీద. ఎడమచెయ్యి కిందికి వేస్తే గేరు రాడ్ అక్కడే ఉంది, నేలలోంచి పైకి. ఇవాళ మీకిది విశేషం కాదు. 1960లలో ఇదే విశేషం. కలకత్తా అంబాసిడర్‌కూ బొంబాయి ఫియట్‌కూ గేరు స్టీరింగ్ పక్కన కర్రలా ఉండేది. మద్రాసు హెరాల్డ్ ఒక్కదానికే కింద గేరు. లైసెన్సుల కాలంలో సామాన్యుడి ముందున్నవి దాదాపు ఈ మూడే. వాటిలో కుర్రవాళ్ళ కారు ఏదంటే, రెండు తలుపులూ కింది గేరూ ఉన్న ఇదే. మద్రాసు శివార్లలో వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961లో దీన్ని మొదలుపెట్టారు. ఇంగ్లండులో 1147 సీసీ ఇంజను వచ్చాక కూడా మనకు పాత 948నే మిగిలింది.

ఫస్ట్ గేరు వేయాలంటే బండి పూర్తిగా ఆగి ఉండాలి, లేకపోతే పళ్ళు కొరుకుతుంది. సందు మలుపులో వెనక్కీ ముందుకూ నాలుగుసార్లు తిప్పాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. పాతిక అడుగుల చుట్టులో తిరిగే కారు ఇది, ఆటోతో పోటీ పడుతుంది. చౌరస్తా దాటి నాగర్‌కర్నూల్ రోడ్డు మీద పాలెం వైపు తిప్పండి. గాలి ముఖానికి కొడుతుంది. ఎదురొచ్చే బస్సు డ్రైవరు హారన్ కొట్టి చెయ్యెత్తుతాడు, మీకు కాదు, కారుకు. బడి పిల్లలు ఆగిపోయి చూస్తారు. అరవై కిలోమీటర్ల వేగానికే ఎంతో పోతున్నట్టుంటుంది. నేలకు ఇంత దగ్గరగా, నెత్తిన ఏమీ లేకుండా కూర్చుంటే అరవై కూడా వేగమే. స్పోర్ట్స్ కారు అన్న మాటను ఇక్కడ, ఈ రోడ్డు మీద, మీరు కూడా ఒప్పుకునే ప్రమాదం ఉంది. అమ్మేవాళ్ళు కొనేవాణ్ణి ముందుగా నడిపించేది అందుకే.

స్పీడు బ్రేకర్ వస్తుంది. దాటేటప్పుడు అద్దం చట్రం చిన్నగా వణికింది. స్టీరింగ్ కూడా. మీరు పట్టించుకోలేదు. వెనక నుంచి ఉస్తాద్, "ఇంకొకటి దాటుండ్రి సారు, మెల్లగ," అన్నాడు. ఆయన కళ్ళు రోడ్డు మీద లేవు, తలుపు సందు మీద ఉన్నాయి. పాలెంలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం దగ్గర తిప్పుకుని వచ్చే దాకా ఆ సందునే చూస్తూ కూర్చున్నాడు.

కొట్టంలో ఆపగానే వెనక సీటు వెనకున్న కార్పెట్టు అంచు పట్టుకుని లేపాడు. గోటితో రంగు గీకాడు. రంగు కింద పుట్టీ. పుట్టీ పొడిగా రాలి, గుండ్రటి రంధ్రం కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. ముందు అద్దం పైచట్రంలోనూ అదే వరస.

"ఇది కంపెనీ ఓపెన్ గాదు సారు. టాపు ఇప్పిన్రు."

మీరు పెద్దాయన వంక చూడకుండా ఉండలేరు. ఆయన కూడా మీ వంకే చూస్తున్నాడు.

హెరాల్డ్ టాపు ఇప్పడం అంత తేలిక ఎందుకంటే దాని వెనక ఒక వ్యాపార తగాదా ఉంది. 1950లలో బర్మింగ్‌హాంలో ఫిషర్ అండ్ లడ్లో అనే బాడీల కంపెనీని పోటీదారైన బీఎంసీ కొనేసింది. ఇంగ్లండులోని స్టాండర్డ్‌కు అక్కడి నుంచి బాడీలు వచ్చే దారి మూసుకుపోయింది. మొత్తం బాడీ ఒక్కచోట చేయించుకోలేక, ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి ఛాసిస్ మీద బోల్టులతో బిగించేలా 1959లో ఈ హెరాల్డ్‌ను తెచ్చారు. టాపు కూడా ఆ ముక్కల్లో ఒకటి. కంపెనీకి దానివల్ల లాభమే జరిగింది: ఒకే అడుగు మీద మూత ఉన్నదీ, మూత లేనిదీ, వెనక పొడుగ్గా సామాను పట్టేదీ అన్నీ అమ్మారు. మన దగ్గర మాత్రం ఒక పాన, ఒక మధ్యాహ్నం ఉంటే చాలు, హెరాల్డ్ ఓపెన్ కారయ్యేది. కానీ టాపు బాడీని పట్టి ఉంచుతుంది. అది లేకపోతే గుంతలో తలుపు సందు మూసుకుంటుంది, అద్దం వణుకుతుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, డబ్బు చిక్కు. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి ఉండాలి. పుట్టినప్పటి రూపంలో ఉండాలి, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజను గానీ మార్చి ఉండకూడదు. కొత్తగా నమోదు చేయిస్తే ఇరవై వేల రూపాయల ఫీజు, పదేళ్ళ గడువు, తర్వాత పొడిగింపుకు అయిదు వేలు. కొత్త నమోదుకు నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ముందే నమోదై ఉన్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. రోజూ తిప్పకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ర్యాలీలకూ ప్రదర్శనలకూ పెట్రోలుకూ మరమ్మతులకూ రోడ్డెక్కవచ్చు. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, ఇద్దరూ తమ తమ రవాణా అధికారులకు తెలియజేయాలి. ఇంత చక్కటి దారి వేసి, గడప దగ్గర అడిగేది ఒక్కటే ప్రశ్న: ఇది అసలుదేనా? ఈ కారు ఆర్సీలో సెలూన్ అని ఉంటే, అధికారి ముందు నెత్తి లేకుండా నిలబడితే, ఏం చెబుతారు?

"ఇప్పినం," అన్నాడు పెద్దాయన చివరికి. "ఎవరు కాదన్నరు? మా తమ్ముని పెండ్లికి ఇప్పినం. బరాత్ తీస్తె పెండ్లికొడుకు కనవడాలె గద. ఆ దినం ఊరంత సూసింది. ఇగ ఆ తర్వాత ఎవరింట్ల పెండ్లయినా ఈ బండే. బావమర్దులు, వియ్యంకులు, అందరు గిదే అడుగుతరు. మల్ల టాపు వెట్టనిస్తరా?"

ఉస్తాద్ మొహంలో కోపం లేదు. ఆయనకు ఇప్పుడు అర్థమైంది, మీకూ అవుతుంది. పెట్రోలు పైపు పగిలినా ఇంజను ఎందుకంత శుభ్రంగా తిరుగుతోందో, బ్యాటరీ ఎందుకు కొత్తదో. ప్రతి ముహూర్తాల కాలానికీ ఈ బండి బయటికి రావాలి. ఊరేగింపులో ఆగితే పరువు పోతుంది, అందుకని ముందే మెకానిక్కును పిలిచేవాళ్ళు. నడవని కారు సంగతి కూడా చూడండి: ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా రోల్స్‌రాయిస్ వాళ్ళకు సిల్వర్ ఘోస్ట్ ఒకటి చెప్పి చేయించుకున్నాడు, వెనక సింహాసనం లాంటి సీటుతో. అది రాకముందే, 1911లో, ఆయన చనిపోయాడు. పసుపురంగు ఆ కారు ఎన్నో ఏళ్ళు నడవకుండా పడి ఉండి, మళ్ళీ బాగుచేయించుకుని, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక ఉంది. దాని ముందు ఈ పెళ్ళిళ్ళ హెరాల్డ్ ఏపాటిది అంటారేమో. మీరు కొనదలిచింది నడిచే కారయితే, నేను దీనికే మార్కులు వేస్తాను.

"ఇప్పిన టాపు ఏం జేసిన్రు పెద్దనాయినా? తుక్కుకేసిన్రా?" ఉస్తాద్ గొంతు చాలా మామూలుగా ఉంది. మీరు ఊపిరి బిగపట్టారు.

"ఎందుకేస్తం? ఉన్నది గద."

కొట్టం వెనక, బోరింగు పక్కన, నాలుగు ఇటుకల వరసల మీద బోర్లా పడుకుని ఉంది హెరాల్డ్ టాపు. ముదురు నీలం, బానెట్ లోపల చూసిన అదే రంగు. కింద కోళ్ళు. ఒక పెట్ట గుడ్ల మీద ఉంది, మిమ్మల్ని చూసి మెడ చాచి గొణిగింది. ఉస్తాద్ మోకాళ్ళ మీద కూర్చుని, కోళ్ళ రెట్టను పుల్లతో తీసి, అంచులన్నీ తడిమాడు. ఒక మూల చిన్న సొట్ట. బోల్టు చెవులన్నీ ఉన్నాయి. జంగు పైపైన మాత్రమే. వెనక అద్దం లేదు. ఆయన లేచి మీ పక్కకు వచ్చి, మొదటిసారి చెవిలో చెప్పాడు: "ఇది లేకపోతే మూడుకు ఎక్కువ వెట్టొద్దు. ఇది ఇస్తె నాలుగు దాకా పోవచ్చు."

బేరం నులక మంచం మీద జరుగుతుంది. పెద్దాయన అయిదు లక్షలు అన్నాడు. మీరు రెండున్నర అన్నారు. ఆయన కొడుకు, ఓపెన్ టాప్‌కే ధర ఎక్కువ, టాపు పెడితే మామూలు కారు అయిపోతుందని వాదించాడు. నిజమే, ఫొటో చూసి కొనేవాళ్ళ దగ్గర అది నిజమే. ఉస్తాద్ ఆర్సీ అడిగాడు. ఏపీతో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు, తండ్రి పేరు, బాడీ రకం దగ్గర సెలూన్. కిందటిసారి పొడిగించిన గడువు దాటిపోయి చాలా కాలమైంది. తండ్రి పేరు మీదున్న బండి ముందు పెద్దాయన పేరుకు రావాలి, అన్నదమ్ములందరూ సంతకాలు పెట్టాలి, ఆ తర్వాతే మీ పేరుకు. ఇదంతా నాగర్‌కర్నూల్ రవాణా ఆఫీసులో పెద్దాయన తిరగాల్సిన పని. తిరుగుడు మాట వినగానే ధర నాలుగున్నరకు దిగింది. కమాను మాట ఎత్తితే నాలుగుకు. పెట్రోలు పైపులు, తలుపు రబ్బర్లు, వెనక అద్దం అని ఉస్తాద్ వేళ్ళు మడుస్తూ పోతే మూడు లక్షల డెబ్బై వేల దగ్గర ఆగింది. కాగితాలు అయ్యాకే మొత్తం సొమ్ము, ఇప్పటికి బయానా పది వేలు. పెద్దాయన నోట్లు లెక్కపెట్టకుండానే కొడుకు చేతిలో పెట్టాడు.

"టాపు కూడా కలిపే గద?" అన్నారు మీరు.

"కలిపే," అన్నాడు పెద్దాయన.

"కలిపే అంటె ఎట్ల మామా?" వంటింటి గడప దగ్గర నుంచి కోడలు. "నా కోళ్ళు యాడ పండాలె? పెట్ట గుడ్ల మీదున్నది. టాపు తీస్కపోతె రేకు తెచ్చి వెయ్యమనుండ్రి. పిల్లలు దిగిందాక టాపు ముట్టద్దు."

ఆ మాట మీద ఎవరూ బేరమాడలేదు. మీరూ ఉస్తాదూ చౌరస్తాలోని హార్డ్‌వేర్ దుకాణానికి నడిచారు. ఎనిమిదడుగుల రేకు దొరికింది. ఉస్తాద్ జేబులోంచి కారు నుంచి తీసిన పాత బోల్టు ఒకటి కౌంటరు మీద పెట్టి ఇదే కొలతవి కావాలన్నాడు. కుర్రాడు డబ్బాలో నుంచి ఒకదాని తర్వాత ఒకటి నట్టు తీసి తిప్పి చూశాడు. ఒకటీ ఎక్కలేదు. అది పాత మర, అంగుళాల లెక్క. డబ్బాలో ఉన్నవన్నీ మిల్లీమీటర్లవి. రాణిగంజ్‌లో వెతకాలి సారు అని ఉస్తాద్ బోల్టును మళ్ళీ జేబులో వేసుకుని, రేకుకు ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస మిమ్మల్ని పట్టుకోమన్నాడు.